రెండో ఆదివారం నాటికి బతికే ఉంది

24 సెప్టెంబరు 1934, సోమవారం

ఈ పుస్తకం నాకోసమే. బళ్లో నా డెస్కులో, కుట్టుపని గుడ్డల అడుగున ఉంటుంది. మా పిల్లలు కుట్టుపని అంటే ఆమడ దూరం పారిపోతారు కనుక ఇంతకంటే భద్రమైన చోటు ఏలూరులో దొరకదు.

ఇవాళ మధ్యాహ్నం యేసుదాసు అయ్యగారు వచ్చారు. కొల్లేటి లంకలో గుడికి ఈ ఏడే వచ్చిన పాస్టరు. గోనెసంచిలో చుట్టి ఒక రిజిస్టరు తెచ్చారు. ఆ గుడి సమాధుల రిజిస్టరు. సగం చెదలు తిన్నాయి, మిగతా సగం వాననీటికి ఉబ్బిపోయింది.

"సలోమమ్మగారూ, మీ దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని మిషనులో అందరూ అంటారండి. ఇది బొత్తిగా పోకముందే కొత్త పుస్తకంలోకి ఎత్తి రాసిపెట్టాలండి" అన్నారు. దస్తూరీ మెచ్చుకుంటే నేను కాదనలేనని ఎవరో చెప్పి పంపి ఉంటారు.

ఇంటికి తెస్తే మా ఆయనకు వెగటు పుట్టింది. పదేళ్లుగా లంకల్లో దోనెల మీద తిరిగి మశూచికి టీకాలు వేస్తున్న వాక్సినేటరుకు, పుళ్లూ చీమూ చూసిన మనిషికి, చెదలు తిన్న పుస్తకం చూస్తే వెగటట. "చచ్చినవాళ్ల జాబితా ఇంట్లోకెందుకు?" అన్నారు. ఏ గుడిదో చెప్పాను. కాసేపు మీసం దువ్వుకున్నారు. "ఏ సంవత్సరం నుంచి?" అని అడిగారు. పంతొమ్మిది వందల పది నుంచి అన్నాను.

ఆ లంక ఆయన మొదటి భార్య పుట్టిల్లు. ఆవిడ 1929లో జ్వరంతో పోయింది. నన్ను చేసుకునేనాటికి అది రెండేళ్ల కిందటి మాట. ఆయన బాధపడతారని ఆ సంగతి నేనెప్పుడూ ఎత్తను.

27 సెప్టెంబరు

సాయంత్రం కాఫీ తాగుతూ, "ఎంతవరకు వచ్చావు?" అన్నారు. పదిహేడో సంవత్సరం అన్నాను. నిన్నా అడిగారు, మొన్నా అడిగారు. మూడేళ్ల కాపురంలో నా పని గురించి ఆయన అడగడం ఇదే మొదలు. ముచ్చటేసింది.

3 అక్టోబరు

"ఎంతవరకు?"

"ఇరవై రెండు."

"మెల్లగా చేసుకో. తొందరేం వచ్చింది?"

9 అక్టోబరు, మంగళవారం

పిల్లలకు లెక్కలిచ్చి ఇది రాస్తున్నాను. ఇంట్లో కాక బళ్లోనే ఎత్తి రాద్దామని రిజిస్టరు ఇక్కడికే తెచ్చుకున్నాను. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

"1931 నవంబరు 17. లిడియా. వయసు 24. వాక్సినేటరు దేవసహాయం భార్య. కారణం: దోనె తిరగబడి నీట మునిగి."

ఆవిడ పేరు లిడియా అని నాకు ఇవాళే తెలిసింది.

జ్వరం కాదు. ఇరవై తొమ్మిది కాదు. పైగా నవంబరు 17.

మా పెళ్లి ప్రకటన తాడేపల్లిగూడెం గుడిలో మూడు ఆదివారాలు చదివారు. నవంబరు 8న, 15న, 22న. ఇరవై ఐదున పెళ్లి. ఏ ఆడది మరిచిపోతుంది ఆ తేదీలు? రెండో వరుస బెంచీలో తల వంచుకుని కూర్చున్నాను. "భార్య పోయిన దేవసహాయం, కన్య సలోమి. వీరి వివాహానికి అడ్డు ఏదైనా తెలిసినవారు చెప్పవలెను" అని పాస్టరుగారు చదివారు. ఎవరూ చెప్పలేదు.

మొదటి ఆదివారం నాటికి ఆవిడ బతికి ఉంది. రెండో ఆదివారం నాటికి కూడా బతికే ఉంది. సమాధుల రిజిస్టరు ఒక గుడిలో, పెళ్లి ప్రకటనల పుస్తకం ఇంకో గుడిలో. మధ్యన కొల్లేరంతా ఉంది. రెండు తేదీలూ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

కాదు. ఇద్దరం.

10 అక్టోబరు

పాత పాస్టరుగారు సంవత్సరం పొరపాటున రాసి ఉండవచ్చు. చూశాను. పై వరుసలో నవంబరు 3న ఒక చంటిబిడ్డ, కింది వరుసలో నవంబరు 28న ఒక ముసలాయన. మూడూ ఒకే సిరా.

ఇద్దరు దేవసహాయాలు ఉండవచ్చు. ఇద్దరూ వాక్సినేటర్లే కావచ్చు. ఇద్దరూ ఆ లంకకే అల్లుళ్లు కావచ్చు. పిల్లలు పరీక్షలో ఇలాంటి జవాబు రాస్తే నేను సున్నా వేస్తాను.

12 అక్టోబరు

"ఎంతవరకు?"

"ఇరవై తొమ్మిది" అన్నాను. ముప్పై మూడులో ఉన్నాను. ఆయనతో నేను చెప్పిన మొదటి అబద్ధం ఇది.

"ఇంకా ఇరవై తొమ్మిదేనా" అని కాఫీ గుక్క వేశారు. నా ముఖం చూడలేదు. చూడకపోవడమే నాకు నచ్చలేదు.

15 అక్టోబరు

రెండు రోజులుగా పొడి దగ్గు. ఆ పాత కాగితాల దుమ్మే. ఆయన మందు కలిపి తెచ్చారు. ఎప్పుడూ సీసా చూపించి "అదిగో, తాగు" అనే మనిషి ఇవాళ గ్లాసు నా నోటి దగ్గర పెట్టి, తాగేదాకా నిలబడతానన్నారు. కాస్త చల్లారనివ్వండి అన్నాను. వీధిలో ఎవరో పిలిస్తే వెళ్లారు. మందు పెరట్లో కరివేపాకు మొదట్లో పోశాను.

"తాగేశావా?"

"తాగేనండి."

17 అక్టోబరు

కరివేపాకు మొక్క బాగానే ఉంది. అనుమానించినందుకు సిగ్గేసింది. ఆ తరవాత, మనిషిని చంపేది మొక్కనూ చంపాలని లేదు కదా అనుకున్నాను. దాంతో ఉన్న సిగ్గూ పోయింది.

ఇంకా ఇరవై తొమ్మిదే అన్నాను.

20 అక్టోబరు, శనివారం. తాడేపల్లిగూడెం

దసరా సెలవులని నాన్నగారిని చూడటానికి వచ్చాను. పాసింజరు ఎక్కించడానికి ఆయన స్టేషనుకు వచ్చారు. "రిజిస్టరు తీసుకెళ్లడం లేదా?" అని అడిగారు. సెలవుల్లో కూడా చాకిరీ ఎవరు చేస్తారండీ అన్నాను. బడి అలమరలో తాళం వేసి వచ్చాను.

నాన్నగారు గుడిలో ఉపదేశి ఉద్యోగం మానేసి రెండేళ్లయింది. జ్ఞానయ్యగారంటే ఈ ఊళ్లో ఇప్పటికీ లేచి నిలబడతారు. మెల్లగా కదిపాను. మా పెళ్లి ప్రకటనకు ముందు, పెళ్లికి అడ్డేమీ లేదని ఆయన సంఘం నుంచి ఉత్తరం తెప్పించారా అని అడిగాను.

"లేదు తల్లీ. పాస్టరుగారు అడిగారు. అబ్బాయి నాకు తెలుసు, నేను పూచీ అని సంతకం పెట్టేను. వ్యవధి ఏదీ? ఉత్తరం వచ్చేసరికి నవంబరు ఆఖరై అడ్వెంటు వచ్చేస్తుంది. అడ్వెంటు మొదలైతే క్రిస్మస్ వెళ్లేదాకా గుడిలో పెళ్లిళ్లు చెయ్యరు కదా."

"మీరెందుకంత తొందరపడ్డారు నాన్నగారూ?"

నాన్నగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నేనెక్కడ తొందరపడ్డానమ్మా? సంక్రాంతి వెళ్లేక చేద్దామన్నాను. నువ్వే కదూ అన్నం మానేసేవు" అన్నారు.

నాన్నగారికి ఈమధ్య మతిమరుపు ఎక్కువయింది. తొందరపడింది ఆయనే.

21 అక్టోబరు

తొందరపడింది నాన్నగారే.

28 అక్టోబరు, ఆదివారం

గుడిలో ఆయన పక్కనే కూర్చున్నాను. ఆయన గొంతు బాగుంటుంది. ముందు బెంచీల వాళ్లు కూడా వెనక్కి తిరిగి చూస్తారు. కీర్తన అయ్యేదాకా నేను ఆయన చేతులు చూస్తూ కూర్చున్నాను.

6 నవంబరు, మంగళవారం

ఇంటర్వెల్‌కు గదిలోకి వస్తే ఆయన నా కుర్చీలో కూర్చుని ఉన్నారు. బళ్లో టీకాలు వేయడానికి వచ్చారట. ముందు పాత రిజిస్టరు, పక్కన నేను రాసిన కొత్త పుస్తకం, రెండూ తెరిచి ఉన్నాయి. అలమర తాళం నేనే వేయడం మరిచానో ఏమో. డెస్కు మాత్రం తెరవలేదు. గుడ్డలు నేను పెట్టినట్టే ఉన్నాయి.

"ముప్పై ఒకటి ఎప్పుడో అయిపోయిందిగా" అన్నారు.

చేతిలోని హాజరు పట్టీ బల్ల మీద పెట్టాను.

"బాగా రాశావు. ఒక్క కొట్టివేత కూడా లేదు" అని పుస్తకం మూశారు. లేచి నా చెంగుకు అంటిన సుద్దపొడి దులిపారు. ఎంతో నెమ్మదిగా దులిపారు.

"శనివారం కొల్లేరు వెళ్దాం సలోమీ. నిండుగా ఉంది. గూడకొంగలు దిగాయట. ఎన్నాళ్లనుంచో చూపిస్తానంటున్నాను. పడవవాడు వద్దులే, దోనె నేనే నడుపుతాను."

"అలాగేనండి" అన్నాను. నాకు ఈత రాదని ఆయనకు తెలుసు.

7 నవంబరు

పోలీసుల దగ్గరకు వెళితే ఏమని చెప్పాలి? రెండు తేదీలు కలవలేదని చెప్పాలి. చెదలు తిన్న పుస్తకంలో తేదీ తప్పమ్మా, ఇంటికి వెళ్లు అంటారు. ఇంటికే వెళ్లాలి మరి. చూసిన మనిషి ఒకరు కావాలి.

రేపు ఆయన తణుకు వెళుతున్నారు, ఎల్లుండి గాని రారు. యేసుదాసు అయ్యగారు పొద్దున్నే కాలవ పడవ మీద లంకకు తిరిగి వెళుతున్నారు. పాత రిజిస్టరు నేనే తెచ్చి అప్పగిస్తానని చెప్పి పంపాను. తీరా తెల్లారేసరికి ధైర్యం చాలుతుందో లేదో తెలియదు. మూడు దినాల సెలవుచీటీ మాత్రం రాసి పెట్టాను.

8 నవంబరు. లంకలో, అచ్చమ్మ ఇంట్లో

ఈ పుస్తకం వెంట తెచ్చుకోవడం మంచిదైంది.

అచ్చమ్మ లిడియా తల్లి. యేసుదాసు అయ్యగారు నన్ను ఆమె అరుగు మీద కూర్చోబెట్టి, "దేవసహాయంగారి భార్య" అని చెప్పి గుడికి వెళ్లిపోయారు. అప్పుడు అచ్చమ్మ వాకిట్లో కూర్చుని మట్టగిడస చేపలకు బూడిద పట్టించి తోముతోంది. చేతులు కడుక్కోకుండానే చాలాసేపు నన్ను చూసింది.

"మా అల్లుడు చేసుకున్న పిల్లవా. తర్వాతేడు కబురొచ్చింది చేసుకున్నాడని. ఎండలో పడొచ్చేవు, మంచినీళ్లు తాగు" అంది.

తిట్టేస్తే బాగుండేది.

లిడియాకు ఏమైందని అడిగాను. చెప్పింది. ఆ ఏడు దసరాల నాటికి బిడ్డ మంచం పట్టింది. దగ్గు, జ్వరం. దింపుడు కల్లం ఆశ కూడా లేదనుకున్నారు. అల్లుడు తెచ్చి ఇక్కడ దిగవిడిచి వెళ్లాడు.

"అలాంటిది కోలుకుంది తల్లీ. అక్టోబరు ఆఖర్లో లేచి కూర్చుంది. వారం తిరిగేసరికి ఇదిగో, ఇక్కడే, నాతోపాటు చేపలు తోమింది. అల్లుడికి కబురెట్టేను, నీ భార్య లేచి తిరుగుతోంది, వచ్చి తీసుకెళ్లు నాయనా అని. సంతోషంగా వచ్చేడు. గాలి మార్పుగా ఉంటదని దోనెలో తీసుకెళ్లేడు."

ఆ తరవాతి మాట ఆమె నాతో కాక చేపలతో చెప్పినట్టు చెప్పింది.

"దోనెలో లేచి నిలబడిందంట, తిరగబడిందంట. నడక రాకముందే దోనెక్కిన పిల్లమ్మా. తాటిదోనెలో ఎవరూ నిలబడరు, అడుగున కూర్చుంటారు. నా బిడ్డ అంత తెలివితక్కువ పని చేస్తదా?"

మూడేళ్లుగా ఆమెను తొలుస్తున్నది ఆ ఒక్క మాటే. నేను తేదీల సంగతి చెప్పాను. ప్రకటనలో "భార్య పోయిన" అని చదివారని చెప్పాను. అచ్చమ్మకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక ఏడవలేదు. వీధిలోకి వెళ్లి కనకరాజును పిలుచుకొచ్చింది.

కనకరాజు ఆయన్ని ఏళ్ల తరబడి లంకల్లో తిప్పిన పడవవాడు. ఆ రోజు మాత్రం వద్దన్నారట, దోనె ఒక్కటీ ఇమ్మన్నారట. సాయంత్రం వెతకబోయింది, లిడియాను నీళ్లలోంచి తీసింది అతనే. అచ్చమ్మ ముందు చెప్పడానికి నీళ్లు నమిలాడు. చెప్పు నాయనా, ఇంకేముంది పోవడానికి, అని ఆమే అంది.

"కిక్కిస గడ్డిలో దొరికిందండి దోనె, బోర్లాపడి. అమ్మాయిగారి కొంగు దోనె అడ్డకర్రకి రెండు ముళ్లేసుందండి. అదాటున చిక్కుకుంది కాదండి, ముడేసిందేనండి. ఈవిడ ఒడ్డున నిలబడి చూస్తోందని నేనే విప్పేసేనండి. తల్లి కళ్లబడకూడదని. ఆ తర్వాత చెబుదామంటే ఆయన సర్కారు మనిషి, విప్పేసింది నేను. నా మాట ఎవరు నమ్ముతారండి?"

"ఇప్పుడు చెబుతావా?" అన్నాను.

"ఆయ్. మీరు ముందు నిలబడితే చెబుతానండి."

పెళ్లిరోజున ఆయన చేయి పట్టుకుని గుడి మెట్లు దిగాను. ఆ ముళ్లు వేసి అప్పటికి ఎనిమిది రోజులు.

అచ్చమ్మ నాకు అన్నం పెట్టింది. నాకు ముద్ద దిగకపోతే కలిపి పెట్టింది. "నిన్నూ మోసం చేశాడు. నువ్వూ నా బిడ్డలాంటిదానివే" అంది.

ఆమెకు చెప్పవలసిన మాట ఇంకొకటి ఉంది. రేపు చెబుతాను.

9 నవంబరు, శుక్రవారం. కాలవ పడవ మీద

చెప్పలేదు. ఇప్పుడు అచ్చమ్మ నా పక్కనే కూర్చుని ఉంది. చదువు రాదు కనుక నేను ఏం రాస్తున్నానో తెలియదు. కనకరాజు, అయ్యగారు అటువైపు కూర్చున్నారు.

పొద్దున్న మేం రేవులో పడవ కోసం చూస్తుంటే ఆయన వచ్చారు. తణుకు నుంచి ఒకరోజు ముందే ఇల్లు చేరారట. బడి వాళ్లు చెప్పారట. తెల్లటి కోటు, నూనె రాసి దువ్విన తల, చేతిలో టీకాల పెట్టె. అందరికీ దణ్ణాలు పెట్టారు. అచ్చమ్మకు కూడా పెట్టారు.

"శనివారం అంటే ఆగలేకపోయావా? సరే, వచ్చావుగా. రా, దోనె ఎక్కు" అని నవ్వారు.

"నేను రానండి. ఏలూరు పోలీసుల దగ్గరకు వెళుతున్నాం."

కనకరాజును చూశారు. రిజిస్టరు చంకన పెట్టుకున్న అయ్యగారిని చూశారు. నవ్వు మాత్రం ముఖం మీదే ఉంది. నా దగ్గరకు వచ్చి, పక్కవాళ్లకు వినబడకుండా, క్షేమసమాచారం అడిగినట్టే అన్నారు.

"తప్పకుండా చెప్పు. తేదీలన్నీ చెప్పు. అడ్వెంటు దాటితే ఆగను, ఆవిడ ఎప్పుడు పోతుందో చూస్తూ కూర్చోవడం నావల్ల కాదు అని నాతో అన్నది ఎవరో అది కూడా చెప్పు. చెప్పగలవా?"

నేను కాలవ నీళ్ల వైపు చూశాను. ఆయన తల ఊపారు. చెప్పలేనని ఆయనకు నమ్మకం. పెట్టె పుచ్చుకుని, వచ్చిన దోనెలోనే ఎక్కి ఆకివీడు వైపు వెళ్లిపోయారు. తొందరపడలేదు.

"ఏమన్నాడమ్మా?" అంది అచ్చమ్మ.

"బెదిరించారు" అన్నాను. అబద్ధం కాదు. నిజమూ కాదు.

13 నవంబరు, మంగళవారం. ఏలూరు

ఆయన్ని ఆదివారం ఆకివీడు స్టేషనులో పట్టుకున్నారు. మద్రాసుకు టిక్కెట్టు కొని ఉందట.

రేపు ఇన్‌స్పెక్టరుగారు ఈ పుస్తకం తీసుకుంటారు. సెప్టెంబరు ఇరవై నాలుగున రాసిన పేజీ చింపుదామని రెండుసార్లు పట్టుకున్నాను. చింపలేదు. ఆవిడ 1929లో పోయిందని రాసుకున్నానే, అది ఆయన నాకు చెప్పిన అబద్ధం కాదు. నాన్నగారికి నేను చెప్పిన అబద్ధం. చెప్పీ చెప్పీ నాకే నిజమైపోయింది. ఆయనతో మొదటి అబద్ధం అని కూడా రాసుకున్నాను. మా ఇద్దరి మధ్యా అబద్ధాలు లేని మాట నిజమే. మేం కలిసి ఇతరులకు చెప్పాం.

జరిగింది ఇది. 1931లో నేను తాడేపల్లిగూడెం బళ్లో పనిచేసేదాన్ని. ఆయన టీకాలకు వచ్చారు. భార్య ఉందని మొదటి రోజునే తెలుసు. జబ్బుపడిందని సెప్టెంబరులో చెప్పారు. బతకదన్నారు. పాపం అన్నాను. పాపం అన్నప్పుడు నాకు లోపల సంతోషంగా ఉంది. జనవరిలో నన్ను మిషను వాళ్లు వేరే ఊరికి మారుస్తామన్నారు. నాకు ఇరవై ఆరేళ్లు. అక్టోబరు చివరి వారంలో, బడి వెనక పంపు దగ్గర, ఆయనతో అన్నాను. ఆయన రేవులో అప్పజెప్పిన మాట పొల్లుపోకుండా అదే. వారం తిరక్కుండా వచ్చి "పోయింది" అన్నారు. ఏ రోజున అని అడగలేదు. ఎక్కడ పూడ్చారని అడగలేదు. పేరు అడగలేదు. చీర ఏ రంగు కొనాలో అడిగాను.

అప్పటికి ఆవిడ లేచి కూర్చుంది. చనిపోతుందనుకుని నాకు ముందే చెప్పేశారు. నాన్నగారు వెళ్లి పేర్లు ఇచ్చేశారు. పాస్టరుగారు చదవడం మొదలుపెట్టారు. మూడో ఆదివారం లోపల ఆవిడ చావాలి. తేదీ పెట్టింది నేను.

చంపమని నేను అనలేదు. ఇది ఎన్నిసార్లు రాసినా నిజమే. దీనితో నాకు ఒరిగిందేమీ లేదు.

ఇవాళ పోలీసు స్టేషనులో నా వాంగ్మూలం రాసుకున్నారు. రిజిస్టరు, ప్రకటనల పుస్తకం రెండూ బల్ల మీద ఉన్నాయి. అయ్యగారు, కనకరాజు చెప్పడం అయిపోయింది. అచ్చమ్మ గోడవార బెంచీ మీద నా పక్కన కూర్చుంది. పొద్దుటి నుంచి నేనేమీ తినలేదని కొంగులో రెండు అరటిపళ్లు కట్టుకొచ్చి, ఒకటి ఒలిచి నా చేతిలో పెట్టింది. గుమాస్తా వరసగా అడుగుతున్నాడు. ఊరు, వయసు, పెళ్లి తేదీ. ఇన్‌స్పెక్టరుగారు మర్యాదస్థులు. "మొదటి భార్య చాలాకాలం క్రితమే పోయిందని మిమ్మల్ని కూడా నమ్మించేరు. అంతేకదండీ?" అని, అవునని రాసుకోమన్నట్టు గుమాస్తా వైపు చేయి ఊపారు.

అవునంటే సరిపోయేది. ఆయన మాట ఇక ఎవరు నమ్ముతారు? నన్ను కడదాకా అచ్చమ్మ తల్లీ అనే పిలిచేది.

"కాదండి. ఆ ఏడు అక్టోబరులో ఆవిడ బతికి ఉందని నాకు తెలుసు. అడ్వెంటు దాటితే ఆగనని ఆయనతో అన్నది నేనే" అన్నాను.

గుమాస్తా కలం ఆపి నన్ను చూశాడు. ఇన్‌స్పెక్టరుగారు చూశారు. కనకరాజు తల దించుకున్నాడు.

అచ్చమ్మ చూడలేదు. కాసేపటికి లేచి, బెంచీ ఆ చివరకు వెళ్లి కూర్చుంది.